కళ్లు తెరిచాక

ఆదోని హాస్టల్లో ఆదివారం వస్తే బొమ్మల సినిమా. వంట చేసే ఉచ్చీరమ్మ టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి, ఒక్క కథ కాగానే లాగేసేది. లేకపోతే పిల్లలు అన్నానికి లేవరని ఆవిడ బాధ. ఆ సినిమాలో నాలుగు కథలు, కథకొక మాయపిల్ల. ఎవరినైనా కాపాడాలంటే చేతులు చాచి మూడుసార్లు గిర్రున తిరిగి, వాళ్లను పేరు పెట్టి గట్టిగా పిలవాలి. అంతే, గౌను తళతళా మెరుస్తుంది, చావు తోక ముడుస్తుంది.

మొదటి కథలో మాయపిల్ల ఏట్లో మునిగిన తమ్ముణ్ణి బతికించింది. వాడు కళ్లు తెరిచాడు, కథ అయిపోయింది. తొమ్మిదేళ్ల వనజకు అంతకంటే ఏం కావాలి? వాళ్లది ఆస్పరి పక్క పల్లె. అమ్మ చౌడమ్మ, నాన్న, మూడేళ్ల తమ్ముడు మధు సుగ్గికని గుంటూరు మిరపచేలకు కూలికి వెళ్లి రెండు నెలలు దాటింది. అక్కడ మధుకు జ్వరమని, రెండు రోజులుగా కన్ను తెరవలేదని కబురొచ్చింది. వనజ ఆ సాయంత్రమే పెరట్లో మూడుసార్లు తిరిగి, గొంతు చించుకుని మధును పిలిచింది. మర్నాడు జ్వరం దిగింది. తాను చేసిన ఘనకార్యం ఫోన్లో అమ్మకు చెప్పుకుని మురిసిపోయింది పిచ్చిపిల్ల.

మరుసటి ఆదివారం రెండో కథ. ఈసారి మాయపిల్ల వాళ్ల అవ్వను కాపాడింది. అవ్వ కళ్లు తెరిచి, మనవరాలి మొహంలోకి చూసి, "ఎవరు పాపా నువ్వు?" అంది. ఆ పై వారం మూడో కథలో స్నేహితురాలూ అదే మాట అడిగింది. వనజ గుండెల్లో రాయి పడింది. మొదటి కథ, తమ్ముడు నోరు తెరవకముందే అయిపోయింది కదా!

"అవ్వా, ఆ ఏట్లో పిల్లోడు గూడా అక్కను మర్సిపోయింటాడా?" అని ఉచ్చీరమ్మను అడిగింది.

"దాని కత దానిదే, దీని కత దీనిదే. బువ్వ తిను పో" అని ఆవిడ కసిరింది.

ముద్ద దిగితేగా! సాయంత్రం దాకా వెంటపడి, ఉచ్చీరమ్మ ఫోన్ నుంచే అమ్మకు చేయించుకుంది.

"మా, మధు సెవికాడ పెట్టు. మధూ, నేను రా, అక్కను!"

అవతల వాడు అమ్మను అడిగాడు. "ఎవురు మా?"

చౌడమ్మ నవ్వింది. "సిన్నోడు కదే. రెణ్ణెల్లాయ, నీ గొంతు మర్సిపోయినాడు. నాకూ నిన్నట్నుంచి జరమే. వానికి సేసినావంట గదా మాయ, నాకూ సెయ్ తల్లీ."

అమ్మంటే వనజకు ప్రాణం. చెయ్యి దానంతటదే పైకి లేవబోతుంటే గౌను అంచు పట్టుకుని గట్టిగా బిగించింది.

"సెయ్యను."

"ఏమే?"

"నేను సెయ్యను మా. నువ్వు జరంతోనే వచ్చెయ్" అని భోరుమంది.

చౌడమ్మ ఏదో అనబోయింది కానీ, దగ్గు ఆమెను మాట్లాడనివ్వలేదు.