నిద్రలో అన్న పేరు

నేను బట్టలు కుడతాను, నిద్రలో మాట్లాడతాను. ఈ రెండో సంగతి నాతో కాపురం చేసినవాడికే తెలియాలి. అలా తెలిసింది ఒక్క కవిగారికే. కవిగారంటే నేను విడాకులిచ్చిన మొగుడు. విడిపోయాక వాడు ఆ మాటలన్నీ కలిపి పుస్తకం వేశాడు. నేను ఆదమరిచి నిద్రపోతుంటే పక్కన కూర్చుని రాసుకునేవాడట, ముందుమాటలో గొప్పగా చెప్పుకున్నాడు. చదువుతుంటే ఒళ్లంతా జెర్రులు పాకాయి.

"ఊపిరి బిగబట్టు, నడుం దగ్గర వదులు చేస్తాను" అని ఒక కవిత. అది విరహమట! నా ఖర్మ, అది ఒక లావుపాటి పెళ్లికూతురి గౌనుతో నేను పడ్డ తిప్పలు. అన్నీ ఇలాంటివే అయితే నవ్వి ఊరుకునేదాన్ని.

చివరి పేజీలో ఒక పేరుంది. కడుపులోనే పోయిన మా పాపకి నేను పెట్టుకున్న పేరు. మెలకువలో ఎవరితోనూ అనలేదు, వాడితో కూడా. వాడు దాన్నే పుస్తకానికి పేరుగా పెట్టి అట్ట మీద బంగారు రంగులో అచ్చేయించాడు.

మా పిన్ని వకీలు. పుస్తకం చూసి తల పట్టుకుంది.

"నిద్రలో అన్నది రచనే కాదంటారే. రాసినవాడిదే కాపీరైట్ అని వాదిస్తారు. పోనీ ప్రైవసీ అని కేసేద్దామంటే, ఆ మాటలు నావేనని నువ్వే నలుగురి ముందూ చెప్పాలి. ఆ పేరెవరిదని అడుగుతారు."

"అడిగితే?"

"చెప్పాలి."

నా వల్ల కాదన్నాను. అందుకే ఇద్దరం పబ్లిషర్ ఆఫీసుకి వెళ్లాం. కవిగారు ముందే వచ్చి కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు.

"పాప నాకూ పాపే కదా. ఆ బాధ నాది కాదా?"

"బాధ నీదే, ఎంతైనా రాసుకో. పేరు నాది. అది తీసెయ్."

పబ్లిషర్ గొంతు సవరించుకున్నాడు. "మేమేం రాక్షసులం కాదు మేడం. ఈ కాపీలు వెనక్కి తెప్పించి, పేరు మార్చి మళ్లీ వేస్తాం."

గుండెల మీంచి బండ దిగినట్టయింది. పిన్ని నా చెయ్యి నొక్కింది. థాంక్స్ చెప్పబోయాను కూడా, సిగ్గులేనిదాన్ని.

కవిగారు కాగితం దగ్గరకి లాక్కుని పెన్ను మూత తీశాడు.

"అయితే ఇంకో పేరు నువ్వే చెప్పు. నీ నోటి వెంట వస్తేనే సహజంగా ఉంటుంది."

"రెండక్షరాల్లో ఉంటే మంచిది మేడం," అన్నాడు పబ్లిషర్, "అట్ట డిజైను మార్చక్కర్లేదు."

థూ అని ఆ బల్ల మీదే ఉమ్మేశాను. పబ్లిషర్ కుర్చీ వెనక్కి జరిపాడు. కవిగారు మాత్రం కదల్లేదు. ఇంకేమంటానా అని నా నోటి వంకే చూస్తూ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.