ఎడమ సీటు

జైలాని మాస్టారు ఎడమవైపు తలుపు తెరిచి ముందు కుడికాలు కారులో పెట్టాడు, ఆ తర్వాత మిగతా మనిషిని లోపలికి చేర్చుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన కారెక్కే పద్ధతి అదే. ఆ కాలి కింద నేర్పేవాడి కోసం బిగించిన రెండో బ్రేకు ఉంటుంది. దాని రబ్బరు తొడుగు ఇప్పటికి నాలుగుసార్లు అరిగిపోయింది. నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తే ఆయన నోరెత్తడు. పాదం నొక్కుతాడు, కారు ఆగుతుంది. అప్పుడు నెమ్మదిగా, ఎందుకు ఆగామో చెప్పమంటాడు.

ఆ పాదం ఆయన మాట వినడం ఎప్పుడో మానేసింది. బస్సులో కూర్చున్నా నొక్కుతుంది, మసీదులో బయట ఏ లారీ హారనో వినిపించినా నొక్కుతుంది. అందుకే చుట్టాలెవరూ ఆయన్ని తమ కార్లలో ఎక్కించుకోరు. ఈపో పట్నంలో మేనల్లుడి పెళ్లికి బయల్దేరుతుంటే ఆ పెళ్లికొడుకే, "మామయ్యా, నువ్వు పక్కనుంటే నాకు మళ్లీ పరీక్షకి వెళ్తున్నట్టుంటుంది. బస్సులో వచ్చెయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. బస్సులో డ్రైవరు కనబడని సీటు వెతుక్కుని, అక్కడా కళ్లు మూయలేక దారంతా రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. కదిలే బండిలో ఆయన ఎన్నడూ కునుకు తీసి ఎరగడు.

కుడివైపు సీటులో సపియా కూర్చుని ఉంది. యాభై ఏడేళ్ల మనిషి. తనకన్నా ఏడేళ్లు చిన్నదైనా మర్యాదకొద్దీ అక్కా అనే పిలుస్తాడు. ఇవాళ ఆమెకి రోడ్డు పరీక్ష. ఇది మూడోసారి, ఇదే ఆఖరిసారి కూడా. నేర్చుకునే లైసెన్సు గడువు శుక్రవారంతో తీరిపోతుంది. తప్పిందంటే మళ్లీ మొదటినుంచీ రావాలి, అంతదాకా ఆగే స్థితిలో ఆమె చెల్లెలు మైమున లేదు. మైమునకి వారానికి మూడుసార్లు తైపింగ్‌ ఆసుపత్రిలో డయాలసిస్. ఇన్నాళ్లూ తీసుకెళ్తున్న పక్కింటాయన నెలాఖరుకి జోహోర్ వెళ్లిపోతున్నాడు. సపియా భర్త చనిపోయాక ఆయన కారు మాత్రం ఆమె ఇంటి ముందు కొబ్బరాకులు రాలి కప్పబడిపోయి ఉంది.

మొదటి పరీక్ష సంగతి ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె అద్దాలన్నీ చక్కగా చూసింది, గేర్లన్నీ చక్కగా వేసింది. వంతెన దగ్గర ఎర్రదీపం పడితే ఆగినప్పుడు అధికారి కిందికి చూశాడు. ఉత్త పాదాలు. బూట్లు లేనిదే పరీక్ష లేదు కదా, ఏవమ్మా అని అడిగాడు. కారెక్కేముందు విడిచానంది. ఇల్లెక్కేటప్పుడు విడిచినట్టే విడిచింది మరి. ఆ జత పరీక్ష మైదానంలో, రెండు మైళ్ల వెనక, పక్కపక్కనే బుద్ధిగా కూర్చుని ఉంది. అధికారి నవ్వాపుకుంటూనే పరీక్ష తప్పించాడు. రెండోసారి అల్లుడి మందపాటి బూట్లు వేసుకొచ్చింది. వాటిలోంచి క్లచ్చు ఎక్కడుందో పాదానికి తెలియక అదే వంతెన దగ్గర ఇంజను మూడుసార్లు ఆగిపోయింది.

ఇవాళ కూడా ఆ బూట్లే. పొద్దుటి సాధనలో ఇంజను ఒకసారి ఆగింది. ఆమె స్టీరింగు వదలకుండా, ఏడవకుండా, ముందుకే చూస్తూ ఉండిపోయింది.

"వద్దులెండి మాస్టారూ. నావల్ల కాదు. నా పాదం వింటుంది, ఈ బూటు వినదు."

మాస్టారికి పొద్దున తిన్న కొబ్బరిపాల అన్నం అరగనట్టు గుండెల్లో మంటగా ఉంది. జేబులోంచి అల్లం బిళ్ల తీసి బుగ్గన పెట్టుకున్నాడు. తర్వాత కారు దిగి వెనక డిక్కీ తెరిచి, పాత తువ్వాలులో చుట్టిన మూట తెచ్చాడు. అందులో నల్లటి గుడ్డబూట్లు. పల్చటి తెల్లని రబ్బరు అడుగు, మచ్చ కూడా లేదు.

"ఇవి వేసుకో అక్కా. అడుగు పల్చన. నేల తెలుస్తుంది."

ఎవరివని ఆమె అడగలేదు. ఆడవాళ్ల బూట్లని చూస్తేనే తెలుస్తోంది.

అవి జమాలియావి. ఆయన భార్య. పదకొండేళ్ల కిందట బుధవారం సంతలో తనే కొనుక్కుంది. కారు నేర్పమని అప్పటికి ఆరేళ్లుగా అడుగుతోంది. రేపు, వచ్చే వారం, పండగ తర్వాత అంటూ దాటేస్తూ వచ్చాడాయన. ఊరందరికీ నేర్పి వచ్చేసరికి ఆయన ఓపికంతా ఖర్చయిపోయేది, ఇంట్లో మనిషికి మిగిలేది కాదు. "బూట్లు కూడా కొనేశాను, ఇంకేం సాకు చెప్తావు?" అందామె. మరుసటి వారం ఒకరోజు ఆమెకి ఉబ్బసం ముదిరింది. ఆయన మోటారుసైకిలు మీద మైదానానికి వచ్చి, స్కూలు కారులో ఎవరి పక్కనో కూర్చుని మెరక ఎక్కించడం నేర్పుతున్నాడు. కారు ఇంటి ముందే ఉంది. తాళంచెవి మేకుకి ఉంది. ఆమె రోడ్డు దాకా నడిచి బస్సు షెడ్డులో కూలబడింది. అక్కడే పోయింది.

నలభై రోజులు గడిచాక ఆయన ఆ కారుకే రెండో బ్రేకు బిగించుకుని మైదానానికి తెచ్చాడు. అప్పటినుంచీ ఇదే కారు. ఎవరు ఆ కుడి సీటులో కూర్చున్నా ఆయనకి ఆమె గుర్తొచ్చేది, ఎవరితోనూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక.

సపియా లేసులు బిగించుకుంది. కొంచెం వదులు, అయినా ఫర్వాలేదు. క్లచ్చు నొక్కి, నెమ్మదిగా వదిలి, కారు ఊగకుండా కదిలాక మొదటిసారి నవ్వింది. అద్దం కళ్లతో చూస్తే చాలదు, చూసినట్టు అధికారికి మెడ తిరగడం కనబడాలని మాస్టారు మళ్లీ గుర్తుచేశాడు.

పదిన్నరకి ఎడమ సీటులో అధికారి ఎక్కాడు. మాస్టారు రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చున్నాడు. కారు గేటు దాటి కనబడకుండా పోయినా ఆయనకి దారంతా తెలుసు. ఇప్పుడు బడి. ఇప్పుడు మార్కెట్ మలుపు. ఇప్పుడు వంతెన. కుడిపాదం సిమెంటు నేలని నొక్కి పట్టింది. పక్కన టీ తాగుతున్న రజాలి, ఆయనలాగే నేర్పేవాడు, అది చూశాడు.

"నేలకి బ్రేకు లేదన్నా. ఎంత నొక్కినా ఆగదు."

మాస్టారు పాదం వెనక్కి తీసుకున్నాడు. నిమిషంలో అది మళ్లీ ముందుకెళ్లింది. ఒంటికి చెమట పట్టింది. ఎండ అంతగా లేదు.

ఇరవై నిమిషాలకి కారు తిరిగొచ్చి గీతల మధ్య సరిగ్గా ఆగింది. అధికారి దిగి కాగితం మీద సంతకం పెట్టి, సపియా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని షెడ్డు దాకా వచ్చింది. "ఆగలేదు మాస్టారూ. వంతెన దగ్గర ఆగలేదు" అంది, ఇంజను సంగతి. ఆయన తలూపాడు. సంతోషంగా ఉంది ఆయనకి. ఇంత సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియక మరో అల్లం బిళ్ల తీసి సగం చేసి ఆమెకిచ్చాడు.

పరీక్షరోజు నేర్చుకునేవాళ్లని తిరుగుదారిలో నడపనివ్వడు ఆయన. కాళ్లూ చేతులూ ఇంకా వణుకుతుంటాయని, తనే నడుపుతాడు. ఇవాళ మాత్రం తాళంచెవి ఆమెకే ఇచ్చాడు.

"మా ఇంటిదాకా నువ్వే నడుపు అక్కా. నాకెందుకో అలసటగా ఉంది."

ఎడమ సీటులో కూర్చున్నాడు. రబ్బరు తోటల నీడ రోడ్డు మీద పడుతోంది. సపియా అద్దాలు చూస్తోంది, మెడ తిప్పి మరీ చూస్తోంది. మలుపుకి ముందే దీపం వేసింది, రోడ్డు పక్కన కనబడిన ఆవుకి దూరంగా జరిగింది. ఆయన పాదానికి పని పడలేదు. ఈమె మైమునని తీసుకెళ్తుంది, తీసుకొస్తుంది అనుకున్నాడు. నేర్పి ఉంటే జమాలియా కూడా బాగానే నడిపేది, వారం రోజులు చాలేవి. పాదం బ్రేకు మీదినుంచి మెల్లగా జారి కింద తివాచీ మీద ఆనింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

సపియా అది చూసి పొంగిపోయింది. మాస్టారు నిద్రపోయారు, తను నడుపుతుంటే నిద్రపోయారు. ఇక ప్రతి గుంతకీ వేగం తగ్గించింది. ఏడు మైళ్లూ ఆయన తల అదరకుండా తెచ్చి, ఇంటి గేటు ముందు రంబుటాన్ చెట్టు కింద ఆపింది.

"మాస్టారూ, ఇల్లొచ్చింది."

లేవలేదు. పాపం, పడుకోనీ అనుకుంది. అద్దం దించి గాలి రానిచ్చింది. చెల్లెలికి ఫోను చేసి, పాసయ్యానని గుసగుసగా చెప్పింది. మంగళవారం నుంచీ నేనే తీసుకెళ్తాను, ఇక ఎవరినీ బతిమాలక్కర్లేదు అని కూడా చెప్పింది.

అప్పుడు రొట్టెలవాడి మోటారుసైకిలు మలుపులోంచి వచ్చి, కారుని రాసుకున్నంత దగ్గరగా హారన్ కొడుతూ పోయింది. సపియా ఉలిక్కిపడి, ఆగి ఉన్న కారుకే బ్రేకు నొక్కింది.

పక్కన పాదం కదలలేదు.

ఆమె చాలాసేపు ఆ పాదాన్నే చూసింది. పిలిచింది. భుజం తట్టింది. చెయ్యి చల్లబడి ఉంది. కారు దిగి ఇంటివైపు పరుగెత్తింది, మెట్ల కింద బూట్లు విడిచి పైకెక్కి తలుపు కొట్టింది. మూడుసార్లు కొట్టాక గుర్తొచ్చింది, ఆ ఇంట్లో ఉండే మనిషిని తనే కారులో వదిలి వచ్చానని.

చప్పుడుకి పక్కింటి ముసలామె వచ్చింది. మగవాళ్లంతా తోటలకి పోయారని, బండి లేదని, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారని చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"నేనున్నాను. మీరు వెనక కూర్చుని తల పట్టుకోండి" అంది సపియా.

తీసుకెళ్లినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె ఉత్త పాదాలతో క్లచ్చు నొక్కి, అద్దం వైపు మెడ తిప్పి చూసి, కారు వెనక్కి తీసింది. వంతెన దగ్గర ఎర్రదీపానికి ఆగింది. కళ్లనిండా నీళ్లున్నా ఇంజను ఆగలేదు.

మాస్టారింటి గేటు తెరిచే ఉంది. మెట్ల కింద, పదకొండేళ్ల తర్వాత, ఒక ఆడమనిషి బూట్ల జత. మొనలు ఇంటివైపు తిరిగి, పక్కపక్కనే ఉన్నాయి, తెల్లని అంచుల నిండా మైదానంలోని ఎర్రమన్ను.