జడ కోపులో ఎనిమిదో తాడు

ఆ ఆదివారం పొద్దున వత్సవాయిలోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మంచం మీద నాయనమ్మ రాఘవమ్మ. కుర్చీలో పేపరు పట్టుకుని ఆవిడ కొడుకు వెంకటకృష్ణారావు. హాలు మధ్యలో నడుముకి కొంగు బిగించి నిలబడ్డ ఆయన భార్య భారతీదేవి, ఆమె చుట్టూ కోలాట బృందంలోని ఆరుగురు ఆడవాళ్లు. రెడ్డిగూడెం నుంచి మొదటి బస్సుకే వచ్చి దిగిన ఆడపడుచు పుష్పవతి. వంటింట్లో ఫ్రిజ్ వెనక, పదో తరగతి చదివే భారతి కూతురు నీహారిక. ఫ్యాను మాత్రం లేదు. దాన్ని విప్పి మంచం కిందకి తోసేశారు. ఫ్యాను కొక్కానికి ఎనిమిది రంగుల తాళ్లు కట్టారు మరి.

సాయంత్రం జగ్గయ్యపేటలో కోలాటం పోటీ. భారతి బృందం మొదటిసారి జడ కోపు, అంటే తాళ్లతో జడ అల్లే వరస, ఆడబోతోంది. తలా ఒక తాడు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిలో కర్రతో ఎదురొచ్చినవాళ్ల కర్ర కొడుతూ, నలుగురు ఇటు, నలుగురు అటు తిరగాలి. ఒకర్ని లోపలి నుంచి, ఇంకొకర్ని బయటి నుంచి దాటుకుంటూ పోతే పైన తాళ్లు జడలా అల్లుకుంటాయి. పాట సగంలో అందరూ వెనక్కి తిరిగితే ఆ జడ విడిపోవాలి. అల్లడం ఎవరైనా అల్లుతారు, విడిపోతేనే చప్పట్లు.

ఎనిమిదో తాడు సుబ్బమ్మది. పాపం, వారం కిందట ఆవిడ కాలు బెణికింది. పుష్పవతి వాళ్ల ఊళ్లో కోలాటం ఆడుతుంది గనక భారతి ఆవిడకి ఫోన్ చేసింది. తన అడుగులు వీడియో తీసి పంపించింది. పుష్పవతి వారమంతా ఆ వీడియో ముందు పెట్టుకుని, గేదెలకి గడ్డి వేస్తూ కూడా అడుగులు వేసింది.

ఆ ఎనిమిదో తాడు నీహారికకి కావాలి. ఎంత కావాలంటే, సుబ్బమ్మగారి కాలు బెణికిందని తెలిసినప్పుడు ముందు సంతోషించి, తర్వాత సిగ్గుపడి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. కానీ అడగలేదు. ఎవరైనా చూస్తే చాలు, ఆ పిల్ల చేతులు కొయ్యబారిపోతాయి. స్కూల్లో ఒకసారి ప్రార్థన పాడమంటే స్టేజీ ఎక్కి, నోరు తెరిచి, గాలి మింగి దిగొచ్చింది.

"రెడీయా? వదినా, మీరు పున్నమ్మక్క పక్కన. మొదలు!" అంది భారతి.

ఫోన్లో పాట అందుకుంది. కర్రలు టకటకమన్నాయి. రెండు చుట్లు తిరిగేసరికి పుష్పవతి వెళ్లి పున్నమ్మ పొట్టని ఢీకొట్టింది.

"అమ్మోయ్! ఇటెక్కడికి వస్తున్నావు తల్లీ?" అని అరిచింది పున్నమ్మ.

"నేను సరిగ్గానే వస్తున్నా. నువ్వే ఎదురొచ్చావు!"

"ఆగకండి, ఆగకండి, తిరగండి!" అంది భారతి.

సరిగ్గా అప్పుడే వెంకటకృష్ణారావుకి కాఫీ గుర్తొచ్చింది. వంటింట్లోకి వెళ్లాలంటే హాలు దాటాలి. తల వంచుకుని దూరాడు. ఆడవాళ్లు ఆగలేదు. ఆయన చుట్టూ ఎరుపు తాడు ఒకటి, పసుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి చుట్టుకుంటూ పోయాయి. పాట అయ్యేసరికి పైన జడ లేదు, పక్షి గూడు ఉంది. కింద వెంకటకృష్ణారావు చంకల దాకా బందీ అయ్యి, పేపరు మాత్రం పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఏమే భారతీ, కాఫీ ఇస్తావా, ఇలాగే ఊరేగిస్తావా?"

రాఘవమ్మ మంచం మీద పడి దొర్లి నవ్వింది. "ఉంచండే, వాణ్ణి అట్టాగే ఉంచండి! చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేవాడు కాదు!"

అందరూ కలిసి ఆయన్ని విప్పారు. నవ్వుతూ తలోవైపు లాగడంతో విప్పేకొద్దీ ముడులు పెరిగాయి. విప్పాక భారతి మాత్రం నవ్వలేదు.

"వదినా, వీడియోలో చూపించినట్టే చేశారా?"

"అచ్చంగా! కావాలంటే చూసుకో." పుష్పవతి ఫోన్ తీసి అందరికీ చూపించింది. ఎనిమిది తలలు ఫోన్ మీదకి వంగాయి. నాన్నకి కాఫీ ఇచ్చే నెపంతో నీహారిక కూడా వెనక నుంచి తొంగి చూసి, మళ్లీ ఫ్రిజ్ వెనక్కి వెళ్లిపోయింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అడుగులు సరిగ్గానే ఉన్నాయి.

"వీడియోలో అమ్మ పైట కుడి భుజం మీదుంది," అని వంటింట్లోంచి వినిపించింది.

ఎనిమిది తలలూ పైకి లేచాయి.

"ఎవరే మాట్లాడింది? ఫ్రిజ్జా?" అంది పున్నమ్మ.

భారతి తన భుజం చూసుకుంది. ఫోన్ చూసింది. నెత్తి కొట్టుకుంది. ఆ వీడియో తీసేటప్పుడు తనని తాను చూసుకోవచ్చని ముందు కెమెరా పెట్టుకుంది. అది అద్దంలోలా కుడిని ఎడమ చేసేసింది. పుష్పవతి వారమంతా తిరగేసి నేర్చుకుంది!

"ఎంత పని చేశావే భారతీ! నా గేదెలు కూడా ఎడం వైపుకే తిరుగుతున్నాయి!" అంది పుష్పవతి.

మార్చుకుందామని మూడుసార్లు చూసింది. మూడుసార్లూ పున్నమ్మ పొట్టకే తగిలింది. చివరికి చాప మీద కూలబడి, "నా కాళ్లు నా మాట వినట్లేదు. నా వల్ల కాదు," అనేసింది. పోటీ చూస్తే సాయంత్రమే.

అప్పుడు రాఘవమ్మ లేచి కూర్చుంది. "వెనకగదిలో అప్పడాల కర్రా, గరిటా పుచ్చుకుని సెలవొస్తే చాలు మధ్యాహ్నం పూట నా నిద్ర చెడగొట్టేది ఎవరో అడగండి."

అందరూ ఫ్రిజ్ వైపు చూశారు.

"నేను కాదు!" అంది నీహారిక.

"కాదంటే అవునన్నమాటే," అని పున్నమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. చేతిలో కర్ర పెట్టారు, తాడు పెట్టారు. ఇంకేముంది, చేతులు కొయ్యబారిపోయాయి. నాన్న చూస్తున్నాడు, నాయనమ్మ చూస్తోంది, చాప మీద నుంచి అత్తయ్య నోరు తెరుచుకుని మరీ చూస్తోంది.

భారతి కూతురి మొహం చూసింది. "నీహా, ఈ కోపులో ఎవరూ ఎవర్నీ చూడరే. అందరి కళ్లూ పైన తాళ్ల మీదే. నువ్వూ పైకే చూడు."

నీహారిక పైకి చూసింది. రంగులు, కొక్కెం, దాని చుట్టూ సున్నం రాలిన మచ్చ. పాట మొదలైంది. లోపలి నుంచి, బయటి నుంచి, టక్, మళ్లీ లోపలి నుంచి. ఎరుపు మీద పసుపు పడింది, పసుపు మీద నీలం. ఎవరి కర్ర తగులుతోందో తెలియలేదు, అన్నీ తగులుతున్నాయి. జడ కిందికి దిగుతూ వచ్చింది, నున్నగా, పెళ్లికూతురి జడలా. "తిరగండి!" అంది అమ్మ. తిరిగారు. ఒక్కో పాయా జారి, ఒక్కో తాడూ విడిపోయి, ఎనిమిదీ నిటారుగా ఎవరి చేతిలోది వాళ్లకి మిగిలాయి.

ఒక్కసారిగా ఇల్లు హోరెత్తిపోయింది. నీహారిక కిలకిలా నవ్వుతూనే ఉంది, ఆపుకోలేకపోయింది. ఎక్కిళ్లు వచ్చాయి.

"పోటీకని తెచ్చుకున్న నా చీర దీనికి కట్టండి," అంది పుష్పవతి. ఆవిడ జాకెట్టులో నీహారికలు ఇద్దరు పడతారు. మిగిలిన గుడ్డంతా వెనక్కి మడిచి పిన్నీసులు గుచ్చారు.

"గట్టిగా ఊపిరి పీల్చకే, పేలిపోతావు," అంది పున్నమ్మ.

సాయంత్రం జగ్గయ్యపేట కల్యాణమండపంలో స్టేజీ పక్కన చిన్న గది ఇచ్చారు. మైకులో వత్సవాయి పేరు పిలిచారు. అందరూ వరసగా బయటికి నడిచారు. చివర నడిచిన నీహారిక తెర సందులోంచి ఒక్కసారి హాల్లోకి చూసింది. కుర్చీలన్నీ నిండిపోయి, గోడల వెంట కూడా జనం. గిర్రున తిరిగి గదిలోకి పరిగెత్తుకొచ్చింది. లోపల బ్యాగులకి కాపలాగా పుష్పవతి ఒక్కతే ఉంది.

"అత్తయ్యా, నువ్వే వెళ్లు!"

"నేనా? నేను వెళ్తే ఆ జడ విప్పడానికి మంగలిని పిలవాలి! ఏమైందే?"

"వాళ్లు తాళ్లు చూడరు అత్తయ్యా. నన్నే చూస్తారు."

"చూడనీవే! చూడ్డానికేగా వచ్చింది జనం!"

"ఒక్క నిమిషం... ఎక్కిళ్లు..."

పుష్పవతి ఆ పిల్ల భుజాలు పట్టుకుని స్టేజీ వైపు తిప్పింది. ఊడిన పిన్నీసు ఒకటి సర్ది, వీపు మీద అరచేయి ఆనించి బయటికి ఒక్క తోపు తోసి, వెనకాలే తలుపు ధడాలున మూసేసింది.