లవంగం పట్టుకున్న పది నిమిషాలు

“పాలు మాడిపోయినాయి. ముక్కుందా నీకు?” అంది మా అత్త శ్రీశైలమ్మ.

ముక్కుంది. వాసనే లేదు. రెండు నెలల కిందట జ్వరం వచ్చి, పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది.

అంతవరకు ఈ ఇంటి ముక్కు నాదే. పెరుగు పులిసిందా, మంచాన పడ్డ మామ పక్క తడిసిందా, గొర్రె పుండు కుళ్ళిందా, అన్నిటికీ “భారతీ, చూడు” అనేవాళ్ళు. అదొక పని అని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. పోయాకే తెలిసింది.

గిద్దలూరులో డాక్టరమ్మ నా రెండు కళ్ళ మధ్య వేలు పెట్టి చూపించింది. “ఇక్కడ లోపల గోరంత పొర ఉంటాది. దాంట్లో సన్న నరాలు వాసనను మెదడుకు మోస్తాయి. జ్వరానికి దెబ్బతిన్నాయి, మళ్ళీ మొలుస్తాయిలే. రోజూ రెండు పూటలా పది నిమిషాలు లవంగం, నిమ్మతొక్క వాసన చూడు. కళ్ళు మూసుకో, వేరే ధ్యాస పెట్టుకోవద్దు.”

వేరే ధ్యాస లేకుండా. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అట్లాంటి మందు నాకెవరూ రాయలేదు.

మొదటిరోజే మా ఆయన కాటమరాజు నవ్వాడు. “రాణిగారు లవంగం పట్టుకోని కూసుంది. మనకింక సంగటి పుట్టినట్టే.” సిగ్గేసి మానేశాను.

ఆ వారంలోనే తొలిచూలు గొర్రె ఈనింది. చేతికందిన గోనెపట్టాతో పిల్లను తుడిచి ముందు పెట్టాను. తల్లి మూతి పెట్టి చూసి, తలతో కుమ్మేసింది. మూడుసార్లు. అత్త ఆ పట్టాను ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఫినాయిలు పట్టాతో తుడిచినావు గదే. దాని బిడ్డని అది ఎట్ల గుర్తు పడతాది?”

పాలు పడకపోతే పిల్ల సాయంత్రం దాకా ఉండదు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టాను. తల్లి పాలే పితికి పిల్ల వీపుకూ తోకకూ రాశాను. కాటమరాజు గొర్రెను పట్టుకున్నాడు. అది పిల్ల వాసన పీల్చింది, మొహం తిప్పుకుంది, మళ్ళీ పీల్చింది. “నిదానంగా చూసుకో తల్లీ, తొందరేం లేదు” అన్నాడతను. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. కాసేపటికి గొర్రె నాకడం మొదలుపెట్టింది. పిల్ల పొదుగు పట్టింది.

మర్నాడు పొద్దున పొయ్యి అంటించకుండా లవంగం తీసుకుని గడప మీద కూర్చున్నాను.

“టీ ఏది?”

“గొర్రెకిచ్చినంత సేపు నాకూ ఇయ్యి బావా. టీ నువ్వే పెట్టు.”

అతను లోపలికి తొంగిచూశాడు. లోపలినుంచి అత్త, “టీపొడి పైఅరలో ఉండాది రా” అంది.

నెల దాటాక ఒకరోజు, కళ్ళు మూసుకుని ఉండగా, ముక్కుకేదో తగిలింది. లవంగం కాదు, నిమ్మ కాదు. మాడుతున్న పాలు.

పొయ్యి దగ్గర అతనున్నాడు. నేను లేవలేదు. గుండెనిండా పీల్చుకున్నాను.