ఫైర్ ఆఫీసరు గారి బొగ్గుల పొయ్యి

మా ఆయన ఫైర్ స్టేషన్ ఆఫీసరు. ఆ మాట గొప్పగా చెప్పుకునే సరదా పెళ్లయిన ఆర్నెల్లకే తీరిపోయింది నాకు. ఆయన కంచంలో చెయ్యి పెడతారు, ఫోను మోగుతుంది. ఎంగిలి చెయ్యి కాబట్టి ఫోను నేనే ఎత్తాలి. డ్యూటీలో ఎవరున్నా అందరూ మర్యాదస్తులే, ముందు అదే అడుగుతారు: "సారు భోంచేస్తున్నారా అమ్మా?" అవునంటే మొహమాటపడి ఒక్క నిమిషం ఆగుతారేమో, ఆ నిమిషంలో ఎవరి కొంప ఏమవుతుందో అని, "అయిపోయింది బాబూ, ఇస్తున్నా" అంటాను. ఈయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా బూట్లు తొడుక్కుంటారు. ఇరవై అయిదేళ్లుగా నేనాడే అబద్ధం ఇదొక్కటే. అదీ రోజు విడిచి రోజు.

అందుకే ఇరవై అయిదో పెళ్లిరోజుకి ఏం కావాలే అని అడిగితే ఠక్కున చెప్పేశాను. నగలొద్దు, బట్టలొద్దు. మీరు వండాలి, వేడివేడిగా వడ్డించాలి, నా ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. ఆ రోజు ఆరు నూరైనా నేను వంటగది గడప తొక్కను.

"ఓస్, అంతేనా!" అన్నారు.

అంతేనట! నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను.

వారం తిరక్కుండా ఇంటికి ఓ ఇనప పొయ్యి వచ్చింది. మూడు కాళ్లు, పైన జాలీ, గుండ్రటి మూత. దానితోపాటు మోచెయ్యంత పట్టకారు, నూనె రాయడానికి ఓ బ్రష్షు. సలహాలన్నీ మా ఆడపడుచు మొగుడివి. ఆయనకి బేకరీ ఉంది, రోజూ కొలిమిలాంటి పొయ్యి ముందే బతుకు. ఆయన చెప్పినట్టే మా ఆయన ముందు రోజే కోడి కాళ్లకి గాట్లు పెట్టి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, నిమ్మరసం, పెరుగు పట్టించి ఫ్రిజ్జులో పెట్టారు. అబద్ధమెందుకు, వాసనకే నా నోరూరింది.

పెళ్లిరోజు పదకొండు గంటలకల్లా ఆడపడుచూ మొగుడూ వచ్చేశారు. నేను పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోను నా తొడ కింద ఉంది. పొద్దున్నే ఆయనే తెచ్చి, "సెలవు పెట్టాను, ఇవాళ ఇది నీది" అని చేతిలో పెట్టారు. మనిషి మాట మీద నిలబడేవాడే, కాదనను.

పొయ్యి చుట్టూ నాలుగు ఇసక బకెట్లు. పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు. కుళాయి నుంచి లాగిన నీళ్ల పైపు. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"మంట అదుపు తప్పితే అందరూ గేటు వైపు నడవాలి. పరిగెత్తకూడదు. బయట వరసలో నిలబడితే లెక్కపెడతాను."

"అన్నయ్యా, ఉన్నదే నలుగురం!" అంది మా ఆడపడుచు.

"అందుకే సులువు" అన్నారాయన, నవ్వకుండా.

బొగ్గులు పేర్చారు, అగ్గిపుల్ల గీశారు. మంట జానెడు లేచింది. నేను చప్పట్లు కొట్టబోయాను. బుస్సుమని నీళ్లు పడ్డాయి. పొగ గోడ దాటి పోయింది.

"ఆర్పేశారేంటండీ!"

"నేనెక్కడ ఆర్పాను?" అని చేతిలో పైపు చూసుకున్నారు. ఎవరో తెచ్చి పెట్టినట్టు చూసుకున్నారు.

బేకరీ అన్నయ్యగారు పైపు లాక్కుని కుళాయి కట్టేశారు. రెండోసారి ఎండు బొగ్గులు పోసి వెలిగించారు. ఈసారి మంట మోకాలెత్తు కూడా లేవలేదు, ఇసక బకెట్టు బోర్లించేశారు మా మహానుభావుడు. పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటమ్మా ఈ పొగ!" అని దగ్గుకుంటూ లోపలికి పోయింది. మూడోసారి బకెట్లన్నీ తీయించాం. ముక్కలు జాలీ మీద పెట్టాం. కొవ్వు కరిగి ఓ చుక్క కింద పడింది, మంట భగ్గుమంది, మా ఆడపడుచు అంత ప్రేమగా తాగడానికి కలిపిన నిమ్మరసం కూజా మొత్తం మా ఆయన దాని మీద పోసేశారు. ముక్కలు సగం ఉడికి, సగం స్నానం చేసి కూర్చున్నాయి.

గంట మూడయింది. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి.

"వదినా, పోనీ లోపలికెళ్లి నాలుగు గుడ్లు కొట్టి పోసేయనా?" అంది ఆడపడుచు, జాలిగా.

"కొట్టావంటే నీకూ నాకూ చెల్లు! ఇవాళ లోపల స్టవ్వు వెలిగిందా, ఇక జన్మలో నాకు ఈ భోజనం లేదు."

ఆ మాటతో నాకే ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపొస్తే నా నోరు ఊరుకోదు. ఆయన వైపు తిరిగాను.

"ఎవరింట్లో మంటొచ్చినా పరిగెత్తి ఆర్పారు, చాలా గొప్ప. నేనేమన్నా అన్నానా ఏనాడన్నా? నా ఇంట్లో ఒక్క పూట పొయ్యి వెలగనివ్వరేంటండీ!"

ఆయన పట్టకారు కింద పెట్టారు. తర్వాత వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డారు.

"మంటని చూస్తూ కూర్చోవడం నాకు చేతకావట్లేదే. చెయ్యి దానంతటదే పోతోంది. ఒక్కసారి ఓ ఇంటికి ఆలస్యంగా వెళ్లాను, నీకు తెలుసు కదా."

తెలుసు. ఆ ఇంటి నుంచి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన చేతులు రెండూ తీసుకుని నా ఒళ్లో పెట్టి గట్టిగా పట్టుకున్నాను.

"అన్నయ్యగారూ, మీరు వెలిగించండి. ఈయన్ని నేను చూసుకుంటా."

"వెలిగిస్తా చెల్లెమ్మా. బావా, విను. మంట మీద వండితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మంట పోవాలి. కానీ మనం పోగొట్టకూడదు, దానంతటదే పోవాలి."

మంట లేచింది. నా చేతుల్లో ఆయన చేతులు ఎగిరిపడ్డాయి. వదల్లేదు నేను. ఇంకా లేచింది. నుదుటి మీద చెమటలు పట్టాయి ఆయనకి. "కూర్చోండి, ఏం కాదు, నేనున్నాను" అంటూనే ఉన్నాను. ఇరవై అయిదేళ్లలో ఆ చేతులు అంతసేపు నా దగ్గర ఉండటం అదే మొదలు. అరగంటకి మంట తగ్గింది, బొగ్గుల మీద తెల్లగా బూడిద కట్టింది, లోపల ఎర్రటి నిప్పు. అన్నయ్యగారు జాలీ మీదుగా అరచెయ్యి పెట్టి, నాలుగు లెక్కపెట్టేసరికి తీసేశారు.

"ఇదీ వేడంటే. రా బావా. నిప్పులన్నీ ఒక పక్కకి తోశాను. మంటొస్తే ముక్కని ఖాళీ పక్కకి జరుపు, అంతే. నీళ్లక్కర్లేదు."

మా ఆయన వెళ్లారు. పట్టకారుతో ముక్కలు పేర్చారు. కొవ్వు పడింది, మంట లేచింది. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. ముక్కని పక్కకి జరిపారు. మంట పోయింది. వెనక్కి తిరిగి నా వైపు చూసిన ఆ చూపుంది చూశారూ, పదో తరగతి పాసైన పిల్లాడికి కూడా ఉండదు అంత సంబరం.

దించాక కూడా అయిదు నిమిషాలు ఆగాలన్నారు అన్నయ్యగారు, అప్పుడే రసం ముక్కలో నిలుస్తుందట. మా ఆయన వైపు ఒక చూపు చూశాను. మూడు నిమిషాలకే వడ్డించేశారు. నా ఎదురుగా కూర్చున్నారు. వేళ్లు కాలేంత వేడి. పైన కరకర, లోపల మెత్తగా ఊడి వస్తోంది.

తొడ కింద ఫోను మోగింది.

ఆయన చెయ్యి ముక్క మీదే ఆగిపోయింది, మనిషి అప్పుడే సగం లేచారు. ఫోనెత్తాను.

"అమ్మా, సారు భోంచేస్తున్నారా?"

"అయిపో..." అలవాటు కొద్దీ సగం మాట వచ్చేసింది. ఆపుకున్నాను. "ఏమైంది బాబూ?"

"మీ పక్కింటివాళ్లు ఫోన్ చేశారమ్మా. మీ పెరట్లోంచి పొద్దున్నించీ పొగ వస్తోందట. బండి పంపమంటారా?"

"వద్దు బాబూ, అది వంట పొగ" అన్నాను. "సారు భోంచేస్తున్నారు."

"తిననివ్వండమ్మా" అని అవతల ఫోను పెట్టేశాడు.

ఆయన మెల్లగా కూర్చున్నారు. ముక్క చేతిలోనే ఉంది.

"ఏమే, నేను తింటున్నానా అని అడిగాడా?"

"అడుగుతారు. ఎప్పుడూ అడుగుతారు."

"మరి ఇన్నాళ్లూ నువ్వేం చెప్పేదానివి?"

"తినండి, చల్లారిపోతుంది" అన్నాను.