రైడర్ తప్పు

వెనక చక్రం కింద చెక్క దిమ్మ పెట్టి, సమ్మయ్య నార తాడును టైరు మీదుగా ఊచల సందుల్లోకి దూర్చి లాగి బిగిస్తున్నాడు. అడ్డతీగ నారతో పేనిన తాడు అది. నానబెట్టి కడితే రబ్బరును కరిచి పట్టుకుంటుంది. వానాకాలం అడవిదారి బురదలో ఆ తాడు చుట్లే టైరుకు పళ్లు. అసలు పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. చేత్తో తడిమితే కుండ అడుగులా నున్నగా తగులుతుంది. ఒకచోట లోపలి దారాలు కూడా బయటపడ్డాయి.

బండికి ఎడమ పక్కన ఇనుప చట్రం, అందులో పరుపు, పైన రెక్సిన్ గూడు, గూడు మీద ఎర్ర గుర్తు. జీపు పోలేని ఊళ్ల నుంచి కాన్పుకొచ్చిన ఆడవాళ్లను, జ్వరం ముదిరినవాళ్లను పడుకోబెట్టి ఆస్పత్రికి తెచ్చే బైక్ అంబులెన్స్. నడిపేది మద్దేడ్ మనిషి యాలం సమ్మయ్య. బండి సర్కారు పేరుమీద ఉన్నా, నడిపించేది ఒక ఠేకేదారు, సర్కారు పని గుత్తకు పట్టినవాడు. ఆ పక్క చట్రం బండిని ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. దాన్ని ఏళ్ల తరబడి కుడికి తోసి పట్టుకోవడంతో సమ్మయ్య భుజాల్లో ఒకటి కిందికి వాలింది. ముంజేతులు మాత్రం పొట్టి మనిషికి ఉండాల్సినదానికంటే లావు. అరచేతుల్లో హ్యాండిల్ పిడుల గుర్తులు కాయలు కాసి ఉన్నాయి.

అతని భార్య లలిత వాకిట్లో కూర్చుని వెదురు కొమ్ములు తరుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇయ్యాలన్న అడుగుతవా టైరు?"

"అడుగుత తియ్."

"మొన్న గూడ గట్లనే అన్నవ్. ఆ రాజ్‌కుమార్ సార్ నిన్ను ఛాంపియన్ అంటడు, నువ్వు పండ్లికిలించుకుంట ఇంటికొస్తవ్."

"తాడుతోని నడుస్తాంది కద."

"బురదల నడుస్తది. సడక్ మీద?"

సమ్మయ్య తాడు ముడి మరోసారి లాగి బిగించాడు. తారు రోడ్డు మీద తాడు పనికిరాదు. ఎగిరెగిరి తెగి గొలుసులో పడుతుంది. అడవి దాటగానే విప్పెయ్యాల్సిందే. అప్పుడు మిగిలేది ఆ నున్నటి రబ్బరు. తడిసిన తారు మీద అది సబ్బుముక్క. ఇది లలితకు తెలుసు, సమ్మయ్యకు తెలుసు, రాజ్‌కుమార్‌కూ తెలుసు.

ఆదివారం. భోపాలపట్నం పోయే రోడ్డు పక్కన లక్కే హోటల్లో బెంచీలు అప్పటికే నిండాయి. సెల్‌ఫోన్ దుకాణం సుమన్ ఒక బెంచీ అంతా తనే ఆక్రమించి కూర్చున్నాడు. సాయంత్రం ఫోన్లో సూపర్‌బైక్ రేసు వస్తుంది. దాని మీద గొడవ పొద్దుటి నుంచే మొదలు. మద్దేడ్లో ఆ రేసుల పిచ్చి అంటించింది సుమనే. ఆ పిచ్చి అందరికంటే ఎక్కువ పట్టింది సమ్మయ్యకి. రైడర్ల పేర్లు నోరు తిరగక, హెల్మెట్ రంగులతోనే పిలుస్తారు. పోయినేడు గెలిచిన పచ్చ హెల్మెట్ వాడు ఈ ఏడు గెలిచే టీమును వదిలి, ఆఖర్లో ఈడ్చుకొచ్చే టీముకు మారాడు. గొడవంతా అదే.

"వాని పని ఖతమన్నా," అన్నాడు సుమన్. "పాత టీము బండి అసొంటిది. ఆ బండి మీద నన్ను కూసోబెట్టు, నేనూ గెలుస్త."

"నిన్ను కూసోబెడితే జెండ ఊపకముందే పడతవ్," అన్నాడు సమ్మయ్య. "వాడు మూల తిరిగేటప్పుడు చూసినవా? అందరు బ్రేక్ ఏసినంక గప్పుడేస్తడు వాడు. గది బండి చేస్తదా? వాని చెయ్యి చేస్తది."

"టీము లేకుంట చెయ్యేం చేస్తదే? ఇంజన్ ఎవడిస్తడు?"

లక్కే మూకుట్లో బజ్జీలు తిప్పుతూ మధ్యలో దూరింది. "నాకొకటి చెప్పుండ్రి. గంత ఉరికి ఉరికి ఏ ఊరికి పోతరు వాళ్లు?"

"యాడికి పోరక్కా. తిరిగి తిరిగి మొదలుపెట్టిన కాడికే వస్తరు," అన్నాడు సుమన్.

"అక్కడికే వచ్చేదానికి అంత ఉరుకుడెందుకు మరి. కూసుంటె సరిపాయె కద."

బెంచీలన్నీ నవ్వాయి. ఠేకేదారు సూపర్‌వైజర్ రాజ్‌కుమార్ కూడా నవ్వాడు. అతను ఇస్త్రీ చొక్కా నలగకుండా బెంచీ అంచున కూర్చుని టీ తాగుతున్నాడు. సమ్మయ్య అతని ముందు మరికాస్త గొంతు పెంచాడు.

"మంచి రైడర్‌కి ఏ బండైన ఒకటే సుమన్. బండి బాలేదు, టైరు బాలేదు అని ఏడ్చేటోడు రైడరే కాదు. రాసిపెట్టుకో."

"శభాష్," అన్నాడు రాజ్‌కుమార్. "దమ్ రైడర్‌లో ఉండాలె. మన సమ్మయ్య భాయ్‌ని చూడు. తాడు కట్టి నడుపుతడు. ఏ కంపెనీ నేర్పింది? అసలైన ఛాంపియన్ ఈడున్నడు."

సమ్మయ్య ముఖం వెలిగింది. టైరు మాట గొంతులోనే ఆగింది. లోకంలో పని చేయించుకునేవాడు పనివాడికి ఉదారంగా ఇచ్చేది మెచ్చుకోలు ఒక్కటే. దానికి బిల్లు పెట్టనక్కరలేదు, మంజూరు అక్కరలేదు, గోదాము తాళం తీయనక్కరలేదు. సమ్మయ్య తన నేర్పుతో టైరు లేని లోటును కప్పేస్తున్నాడు. ఆ కప్పును చూసే, లోటేమీ లేదని పైకి రాసి పంపుతున్నారు. ఎంత బాగా నడిపితే టైరు అంత దూరం పోతోంది.

పొద్దెక్కాక హిడ్మే ఫోన్ చేసింది. వాగు అవతలి ఊళ్లో మితానిన్ ఆమె, గర్భిణుల మంచిచెడ్డలు చూసే ఆరోగ్య కార్యకర్త. సిగ్నల్ కోసం బండ ఎక్కి అరుస్తోంది. ఆ ఊరి కోడలు ముయెకి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది.

సమ్మయ్య వెళ్లాడు. దారి పొడుగునా బురద ఎర్రగా మరుగుతున్నట్టుంది. తాడు చుట్లు దాన్ని కరుచుకుంటూ, కక్కుతూ బండిని ముందుకు లాగాయి. వాగు దగ్గర దిగి, కర్రతో లోతు చూసి, మళ్లీ ఎక్కాడు. ఊళ్లో నలుగురు కలిసి ముయెని చట్రంలో పడుకోబెట్టారు. పెదవి కొరుక్కుంటున్న ముయె నొసటి మీద చెమటో వాన చినుకులో తెలియడం లేదు. హిడ్మే వెనక కూర్చుంది.

"మెల్లగ పో బావా," అంది ముయె తమ దోర్లీ భాషలో.

"మెల్లగ పోతె ఈ బండి తొట్లెనే కంటవ్. తొట్లె పుట్టినోనికి నా పేరే పెట్టాలె మరి."

"నీ పేరా? వద్దు. గట్టిగ పో."

హిడ్మే నవ్వింది. ముయె నవ్వబోయి మూలిగింది. సమ్మయ్య రాళ్లు తప్పించాడు, గుంట వస్తే చట్రం చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి తన చక్రాలను గుంటలో దింపాడు. కుదుపు తన నడుముకు తగలనిచ్చాడు, ఆమె నడుముకు కాదు. పోయేదారిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు, చెప్పుకునే అలవాటు అతనికీ లేదు.

తారు రోడ్డు తగిలేచోట వాన పెరిగింది. దిగి తాడు విప్పాడు. ముడులు ఉబ్బి రాలేదు. పళ్లతో పట్టి లాగాడు. ఆ తర్వాత దారంతా ఎడ్లబండిలా నడిపాడు. కల్వర్టు దగ్గర బండి తోక ఒక్కసారి పక్కకి పోయింది. కాలు దింపి, చెప్పు అరిగేలా రోడ్డుకు రాసి, నిలబెట్టుకున్నాడు.

హిడ్మే అతని నడుము గట్టిగా పట్టుకుంది. "ఏందది?"

"ఏం లేదు," అన్నాడు.

ఆస్పత్రిలో ముయెని లోపలికి తీసుకెళ్లాక అతను వరండా మెట్టు మీద కూర్చుని అరిగిన చెప్పును చేత్తో తడిమి చూశాడు. ఇక అడగాలి. ఎవరి ముందైనా సరే అడగాలి. బండిలో ఎవరూ లేనప్పుడు పడితే ఒక్కడే పోతాడు. ముయె లాంటి మనిషి ఉన్నప్పుడు పడితే?

అతను తిరిగొచ్చేసరికి హోటల్లో అందరూ సుమన్ ఫోన్ మీదికి వంగి ఉన్నారు. రేసు ఇంకా మొదలవలేదు. బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని చుట్టూ మనుషులు మోకాళ్ల మీద కూర్చున్నారు. టైర్లకు మందపాటి గుడ్డలు కప్పి, వాటికి తీగలు తగిలించి ఉన్నాయి.

"గదేంది, టైర్లకి దుప్పట్లా?" అంది లక్కే.

"కరెంటు దుప్పట్లక్కా. టైరు సల్లగుంటె రోడ్డును పట్టదు. అందుకని ఎచ్చగ చేస్తరు," అన్నాడు సుమన్.

"టైర్లకి సలి పెడతదని దుప్పటి కప్పుతరా." లక్కే తడిసి ముద్దైన సమ్మయ్యను చూసి తువ్వాలు విసిరింది. "తుడుచుకో తమ్ముడా. నీకు కప్పేటోడు లేడు ఈడ."

సమ్మయ్య తల తుడుచుకోలేదు. నేరుగా రాజ్‌కుమార్ ముందుకొచ్చాడు.

"సార్, వెనక టైరు కావాలె. ఇయ్యాల కల్వర్టు కాడ జారింది. ముయె ఉండె బండిల."

"పైకి పంపిన కద భాయ్."

"ఎండకాలం సంది పంపిన్నంటున్నరు."

రాజ్‌కుమార్ చుట్టూ చూశాడు. నవ్వాడు. "పొద్దున ఏమన్నవ్ సమ్మయ్యా? టైరు బాలేదని ఏడ్చేటోడు రైడరే కాదంటివి. రాసిపెట్టుకోమంటివి. సుమన్, రాసిపెట్టినవా లేదా?"

బెంచీలు గొల్లుమన్నాయి. సుమన్ నవ్వాడు. ఆఖరికి సమ్మయ్య కూడా నవ్వాడు. ఏం చేస్తాడు, మాట తనదే. పచ్చ హెల్మెట్ వాడి కోసం అన్న మాట తన మెడకి చుట్టుకుంది. ఆ పచ్చ హెల్మెట్ వాడి టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్న మనుషులు ఎందరో, అప్పుడు లెక్కకు రాలేదు. ఎంత పనికిరాని టీమైనా వాడిని బోడి టైరుతో రోడ్డు మీదికి తోలదని ఎవరూ అనలేదు. నవ్వులో ఆ ఒక్క మాట అనగలిగినవాడు లేకపోయాడు.

లక్కే మాత్రం నవ్వలేదు. "మీరు నవ్వుండ్రి. బండి మీద కూసునేది మీరు కాదు కద."

అంతలో రాజ్‌కుమార్ ఫోన్ మోగింది. తర్రెం వైపు దారిలో ఎవరినో పాము కరిచింది. అతను ఫోన్ పెట్టేసి సమ్మయ్య భుజం తట్టాడు.

"పోయి రా భాయ్. టైరు ముచ్చట వచ్చినంక మాట్లాడుదాం. పక్కా."

సమ్మయ్య బయట కురుస్తున్న వానను చూశాడు. పోనంటే పోవచ్చు. అక్కడ ఒక మనిషి కాలికి విషం ఎక్కుతోంది. ఠేకేదార్లందరి ధైర్యం అదే. మనవాడు పోననడు.

బండి స్టార్ట్ చేస్తూ సుమన్ వైపు తిరిగాడు. "నేనొచ్చేదాక ఎవడు గెలిచిండో చెప్పకు."

"చెప్పన్లే, పో."

కల్వర్టు ఇవతలే బండి జారింది. చూసినవాళ్లు లేరు. వెనకాల వచ్చిన ఇసుక టిప్పర్ వాడు ఆగి చూసేసరికి పక్క చట్రం పైకి లేచి, దాని చక్రం ఇంకా తిరుగుతోందట. సమ్మయ్య కింద ఉన్నాడు. చప్పుడేమీ లేదు, ఊపిరి కూడా లేదన్నాడు టిప్పర్ వాడు. పాము కరిచిన మనిషిని ఊరివాళ్లు మంచం మీద మోసుకొచ్చారు, బతికాడు. ముయెకి ఆడపిల్ల పుట్టింది. రేసు పచ్చ హెల్మెట్ వాడే గెలిచాడు. చెప్పొద్దన్నవాడికి సుమన్ చెప్పలేదు.

జాంచ్, అంటే విచారణ, అయింది. బండి బాగానే ఉంది, టైర్లు బాగున్నాయి, రైడర్ తప్పు అని తేల్చారు. ఆ మాట రాజ్‌కుమార్ హోటలుకు తెచ్చి, మెల్లగా, బాధపడుతున్న మనిషిలా చెప్పాడు. బెంచీల మీద మళ్లీ చర్చ లేచింది. స్పీడులో పోయుంటాడని ఒకడు, అలిసి ఉన్నాడని ఇంకొకడు. ఒకడైతే చేత్తో మూల తిప్పి చూపించి, బ్రేక్ ఎక్కడ వేయాల్సిందో చెప్పాడు.

లక్కే పొయ్యిలో నీళ్లు గుమ్మరించింది. పొగ లేచింది.

"ఆ బురదల, ఆ వాగుల, ముయెని పువ్వోలె తెచ్చినోడు. తారు రోడ్డు మీద ఎట్ల పడ్డడో చెప్పుండ్రి. ఎవడు మంచోడో, ఎవడు కాదో మీకే తెలుస్తది కద. చెప్పుండ్రి."

మూల తిప్పి చూపించినవాడు ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. సుమన్ లేచి దుకాణానికి పోయి షట్టర్ దించుకున్నాడు.

"టైర్లు బాగున్నయన్నరా?" అంది లలిత. ఆమె హోటల్ గుమ్మంలో ఎప్పటినుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు. "యాడుంది బండి?"

రాజ్‌కుమార్ టీ గ్లాసు కింద పెట్టాడు. "షెడ్డుల ఉంది. తాళం నా దగ్గర లేదు."

లలిత తాళం అడగలేదు. ఠేకేదారు రేకుల షెడ్డు ఊరి చివరే. లక్కే ఆమె వెంట నడిచింది. షెడ్డు పక్క రేకు ఒకటి ఊడి వేలాడుతోంది, దాన్ని పక్కకి లాగి ఇద్దరూ లోపలికి దూరారు.

బండి గోడకు ఒరిగి ఉంది. ముందు చక్రం మెలితిరిగి, దీపం పగిలి, ట్యాంకు సొట్టపడి, చట్రం అంతా ఎండిన మట్టి. వెనక టైరుకు మాత్రం మట్టి లేదు. నల్లగా నిగనిగలాడుతూ, లోతైన పళ్లతో, మధ్యలో పసుపు రంగు గీతతో ఉంది. కొత్త టైరు మీద సన్నగా మొలిచి ఉండే రబ్బరు వెంట్రుకలు, రోడ్డు తగిలిన తొలి మైలులోనే రాలిపోయేవి, దాని చుట్టూరా ఒక్కటి కూడా రాలకుండా నిటారుగా నిలబడి ఉన్నాయి.