ఇంటికొక ఆళు

తిరుత్తణి నేతవీధిలో పడుగుకు గంజి పట్టించడం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. వీధి పొడవునా దారాలు చాచి కట్టి, గంజి ఆరేలోపు అందరూ కలిసి కుంచెలతో దువ్వాలి. ఆరిందో, పోగులన్నీ అట్టకట్టి పడుగు మొత్తం మట్టిపాలు. అందుకని ఎవరి పడుగైనా సరే, తెల్లవారేసరికి ఇంటికొక ఆళు, అంటే పనికి ఒక మనిషి, వచ్చి నిలబడాలి. కూలి లేదు, పిలుపు లేదు. రానివాళ్ల పడుగుకు మాత్రం ఎవరూ రారు. అరవరు, తిట్టరు. ఊరికే రారు, అంతే. ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండుతుంది.

ఎల్లప్ప ఇంటినుంచి ఆ ఆళు ఇన్నాళ్లూ ఇల్లరికపు అల్లుడు వాసుదేవ. కొడుకు కోదండరామ మద్రాసులో ఎమ్మే లెక్కలు చదువుతూ పొద్దున్నే రైలుకు పోయేవాడు గనుక బావే కుంచె పట్టేవాడు. "నువ్వు పోరా, నీ కుంచె నాకేం బరువా?" అనేవాడు. అంత మంచి మనిషి సంక్రాంతి వెళ్లిన వారానికే జ్వరమొచ్చి పోయాడు. ఎల్లప్పకు చూపు ఆనదు. ఇక మిగిలింది చెంగమ్మ, కోదండరామ అక్క. కుంచె పట్టడంలో ఆ వీధిలో ఆమెకు సాటి లేరు. కానీ పడుగుకు పసుపూ కుంకుమా పెట్టి పని మొదలుపెడతారు. మొగుడు పోయిన ఆడది దాన్ని తాకకూడదట. ఏ దేవుడు చెప్పాడో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు.

బావ పోయిన దిగులులో కోదండరామ ఏప్రిల్‌లో కాంప్లెక్స్ వేరియబుల్ పేపరు తప్పాడు. సెప్టెంబరులో మళ్లీ రాయాలి, ఈలోగా బావ కుంచె తనే పడుతున్నాడు. ఈసారీ తప్పితే చదువు లేదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టడమే. మగ్గమంటే అతనికి చులకనేమీ లేదు, కానీ ఆ లెక్కలంటే ప్రాణం. చుట్టి వచ్చే గీతను ఎటు లాగినా, ఎలా వంచినా, మధ్యలో చెడ్డ చోటు తగలనంతవరకు జవాబు మారదని మొదటిసారి అర్థమైన రోజు, తిరువళ్లూరు దాటేదాకా రైల్లో తనలో తానే నవ్వుకున్నాడు.

పరీక్ష ముందు వారమంతా ముసురు. పచ్చయ్యప్ప ఇంట్లో పెళ్లిచీరల పడుగు సిద్ధంగా ఉంది, తెరిపి కోసం వీధంతా ఎదురుచూస్తోంది. ఆ పాడు వాన సరిగ్గా పరీక్ష ముందురోజు సాయంత్రమే వెలిసింది. ఎల్లప్ప తడుముకుంటూ పచ్చయ్యప్ప అరుగు దగ్గరికి పోయాడు.

"రేపొక్క పూట పిల్లోడిని వదిలెయ్ బావా. పరీక్ష ఉండాది."

"నేనేమన్నా పట్టుకోని ఉండానా ఎల్లప్పా? బాగా పొమ్మను," అన్నాడు పచ్చయ్యప్ప, నవ్వుతూనే. "వచ్చే వారం నీ పడుగు కదా. దాన్ని కూడా తలుచుకోమను."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఎల్లప్ప మూలన కూలబడ్డాడు. చెంగమ్మ పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే అంది: "నువ్వు పో తమ్ముడా. ఆళు సంగతి నేను చూసుకుంటా."

"నువ్వేం చూసుకుంటావక్కా?"

"చూసుకుంటానన్నా కదా."

ఇంకోసారి అడిగితే ఏం చెబుతుందో కోదండరామకు తెలుసు. తెలిసే అడగలేదు. మరునాడు రైలెక్కాడు, పరీక్ష రాశాడు. ఆ పూట కలం ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం వీధి మొదట్లోనే పక్కింటి కన్నియమ్మ పట్టుకుంది.

"మీ అక్క పొద్దున కుంచె తీసుకోని పడుగుకాడికి వచ్చిందబ్బోడా. ఒకరూ ఒక మాట అనలేదు. పడుగు కట్టిన గుంజలు పీకి అవతల పక్కన నాటుకోని పని చేసుకున్యారు. పాపం, యాడ నిలబడిందో ఆడనే నిలబడింది, పొద్దెక్కేదాకా."

ఇంట్లో చెంగమ్మ ఏమీ జరగనట్టే అన్నం పెట్టింది.

"బాగా రాసినావా?"

"రాసినా."

"ఏం అడిగినారు?"

వేరే మాట దొరికినందుకు అతను ప్రాణం లేచొచ్చినట్టు తడివేలితో నేలమీద ఒక సున్నా చుట్టి, మధ్యలో చుక్క పెట్టాడు.

"ఈ చుక్క కాడ లెక్క చెడిపోతాది. దీన్ని తాకకూడదు. చుట్టూ తిరిగి రావాల. వస్తే కడాన ఒక విలువ తేలుతాది. వింతేమంటే అక్కా, ఆ విలువంతా ఈ చుక్కనుంచే..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. చెంగమ్మ ఆ సున్నా వంకే చూస్తోంది.

"తిరిగినోళ్లకు విలువ వచ్చె. మరి ఆ చుక్కకేమొస్తాదిరా?"

"ఏమీ రాదక్కా," అన్నాడు. "దాని సంగతి ఎవరూ అడగరు."

ఆమె మజ్జిగ పోసి లేచి వెళ్లింది. తన చదువు మీద తనకే అసహ్యం వేసింది కోదండరామకు.

వారం తిరిగాక తండ్రీకొడుకులే తమ పడుగును వీధిలో చాచి కట్టుకున్నారు. పొద్దు పొడిచినా ఏ గడపా దాటి ఒక్క మనిషి రాలేదు. కోదండరామ ఒక్కడే గంజి పూసి, ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తాడు. ఇటు దువ్వేలోగా అటు ఆరుతోంది. చివరికి ఇంటి ముందుకొచ్చి బావ కుంచెను గడప లోపలికి చాచాడు.

"రా అక్కా! మన పడుగే కదా, ఎవరేమంటారు? ఆరిపోతా ఉండాది, రా!"

చెంగమ్మ చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. తన చూపు కూడా పడుగు మీద పడకుండా తలుపు చాటుకు జరిగింది.

"వద్దు నాయనా," అంది లోపలినుంచి. "నా చెయ్యి తగిలితే మంచిది కాదు."